తాగే నీళ్లు సరే, వండే నీళ్లో?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయక తప్పలేదు. ఆ నామినేషన్లలో చాలావరకు జిల్లాకు నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపు మీద పడినవే; గెలుద్దామని వేసినవాళ్లు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెద్దవాళ్ల నడుములు వంగిపోతున్నాయని, పిల్లల కాళ్లు వంకరపోతున్నాయని ఢిల్లీకి వినబడేలా చెప్పడానికి అప్పటికి దొరికిన దారి అది. అదే ఏడాది అభ్యర్థుల డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఇంటింటికీ నల్లా రావడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పైనే పట్టింది.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధి చేసి ఊరూరికీ పంపే ఈ పథకంతో నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో ఒక తరం కిందట ఎవరూ నమ్మని పని జరిగింది. ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల జాబితాలోంచి ఊళ్ల పేర్లు తొలగిపోయాయి. ఇది చిన్న సంగతి కాదు. అయితే ఆ జాబితా చూసేది ఊరికి మంచి నీళ్లు చేరాయా లేదా అని. పిల్లవాడి ఒంట్లోకి రోజూ ఎంత ఫ్లోరైడ్ పోతోందన్నది వేరే లెక్క. నీళ్లు మారినా ఇంటి అలవాట్లు మారకపోతే ఆ రెండు లెక్కలూ కలవవు. ఎందుకు కలవవో చూడాలంటే ముందు రాయి దగ్గరికి, ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లాలి.

రాయి పెట్టిన చిచ్చు

ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ వదిలిన మురుగూ కాదు. నల్లగొండ నేల కింద ఉన్న గ్రానైట్‌లోనే అది ఉంది. ప్రపంచవ్యాప్తంగా గ్రానైట్ రాళ్లలో కిలోకు సగటున 810 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుందని అంచనా. నల్లగొండ గ్రానైట్‌లో 325 నుంచి 3,200 దాకా, సగటున 1,440 మిల్లీగ్రాములు ఉన్నట్టు 1990ల నాటి పరిశీలనల్లో తేలింది. రాయి పగుళ్లలో నీరు ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ అందులోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దించేస్తుంది. కాల్షియం తక్కువై బైకార్బనేట్ ఎక్కువైతే అది కరిగే ఉంటుంది. చెరువులు నిండి, చేదబావుల్లో పైపైన నీళ్లు దొరికిన రోజుల కంటే వందల అడుగుల లోతు బోర్లు వేశాక సమస్య ముదరడానికి కారణం ఇదే. జిల్లాలో కొన్ని చోట్ల లీటరు నీళ్లలో 20 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ నమోదైంది. భారతీయ ప్రమాణాల ప్రకారం ఉండదగింది 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5.

నాలుక దీన్ని పసిగట్టలేదు. రంగు, వాసన, రుచి ఏవీ లేవు. కాల్షియం తక్కువున్న నీళ్లలో సబ్బు బాగా నురగ వస్తుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది. ఇల్లాలి లెక్కలో అవి మంచి నీళ్లే.

ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు పేరు ఫ్లోరోసిస్. అది మన దేశంలో మొదట నమోదైంది కూడా తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు 1937లో వైద్య పత్రికల్లో రాశారు. అంతకు ముందే దుక్కిటెద్దులు నడవలేక కూలబడటాన్ని రైతులు గమనించారని చెబుతారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి విడిపోయిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలకు ఇప్పటికీ ఇది పాత చుట్టమే. దేశంలో ఫ్లోరోసిస్ నివారణకు 2008-09లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొలి ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. కనిపెట్టి డెబ్బై ఏళ్లు దాటాక కార్యక్రమం వచ్చిందన్నమాట.

రెండేళ్లప్పుడు తాగింది ఏడేళ్లకు కనబడుతుంది

రెండో తరగతి పిల్లవాడి కొత్త ముందుపళ్లను వెలుగులో నిలబెట్టి చూస్తే, వాడు పసితనంలో ఎలాంటి నీళ్లు తాగాడో కొంతవరకు చెప్పొచ్చు. శాశ్వత ముందుపళ్ల మీది పింగాణీ పొర చిగురు లోపల తయారయ్యేది ముఖ్యంగా మొదటి మూడేళ్లలో. పన్ను బయటికి వచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. ఆ పొర కట్టుకుంటున్న రోజుల్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే గట్టిపడాల్సినంత గట్టిపడదు. తక్కువ తీవ్రతలో కాగితం తెలుపు చుక్కలో, అడ్డగీతలో కనిపిస్తాయి. ఎక్కువైతే పసుపు, ముదురు గోధుమరంగు పట్టీలు వస్తాయి. ఇంకా ముదిరితే పన్ను గుంటలు పడి అంచులు విరుగుతుంది. కుడి పన్ను మీద ఎలా ఉంటే ఎడమ పన్ను మీదా దాదాపు అలాగే ఉంటుంది. మామూలు మరకకూ దీనికీ తేడా తెలిసేది అక్కడే.

గార పట్టిందనుకుని ఇటుకపొడితోనో బొగ్గుతోనో తోమిస్తే పోదు, పైగా పొర అరుగుతుంది. మచ్చ పైన పడింది కాదు, పొర పుట్టుకలోనే కలిసిపోయింది. ఎనిమిదేళ్లు దాటాక ఎంత ఫ్లోరైడ్ తాగినా పళ్లకు కొత్తగా మచ్చలు రావు. దాంతో కొందరు తల్లిదండ్రులు గండం గడిచిందనుకుంటారు. ఎముకల సంగతి అప్పటికి ఇంకా తేలదు. ఒంట్లో మిగిలే ఫ్లోరైడ్‌లో 99 శాతం చేరేది ఎముకల్లోకీ పళ్లలోకీ. పెద్దవాళ్లు ఒంటికి పట్టిన దాంట్లో దాదాపు సగాన్ని మూత్రంలో వదిలేస్తారు. ఎముక పెరిగే వయసులో ఉన్న పసిపిల్లల్లో నిలిచిపోయే వాటా అంతకంటే చాలా ఎక్కువ.

ఇక్కడ కొలతల సంగతి చెప్పుకోవాలి. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీళ్లు 60 కిలోల మనిషి రోజుకు 3 లీటర్లు తాగితే కిలో బరువుకు 0.15 మిల్లీగ్రాములు పడుతుంది. అవే నీళ్లు 10 కిలోల పిల్లవాడు ఎండాకాలంలో ఒక్క లీటరు తాగితే కిలో బరువుకు 0.3. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు కిలో బరువుకు 0.1 దాటకూడదని అమెరికా వైద్య సంస్థలు పెట్టుకున్న గీత. ఆ గీత ప్రకారం మన దగ్గర ఉండదగిందని రాసుకున్న లీటరుకు 1 మిల్లీగ్రాము నీళ్లు కూడా ఆ పిల్లవాడిని సరిగ్గా హద్దు మీద నిలబెడతాయి. తిండిలో వచ్చేది ఇంకా కలపలేదు.

ఈ కాలక్రమంలో ప్రకృతి ఇచ్చిన ఒక రక్షణ ఉంది. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉన్నా ఆమె పాలలోకి దిగేది చాలా స్వల్పం. కడుపులో ఉన్నప్పుడు మాయ దాటి కొంత చేరుతుంది కానీ, పాలు మాత్రం దాన్ని ఆపేస్తాయి. కాబట్టి ఇలాంటి ఊళ్లో మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వకపోవడం అన్నది పోస్టరు మీది నినాదంకంటే పెద్ద విషయం. పాలపొడిని బోరు నీళ్లలో కలిపి పట్టిన బిడ్డకూ తల్లిపాలు తాగిన బిడ్డకూ అందే ఫ్లోరైడ్‌లో పోలికే ఉండదు. మంచి నీళ్లు ఒక బిందెడే దొరికే ఇంట్లో ఆ బిందె ముందు ఎవరికి అంటే, జవాబు పసిబిడ్డకే.

అన్నం కుండలో లెక్క

తాగడానికి ప్లాంటు క్యాను, వంటకు బోరు. ఫ్లోరైడ్ ఊళ్లలో ఈ ఏర్పాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. 20 లీటర్ల క్యాను డబ్బు పెట్టి తెచ్చింది. పప్పులో పోయడానికి మనసొప్పదు. నల్లా నీళ్లు రోజూ ఒకే వేళకు రాకపోయినా, క్లోరిన్ వాసన వేసినా చేతికందే బోరే దిక్కు. కాగబెడితే ఏ దోషమైనా పోతుందన్న నమ్మకం కూడా తోడవుతుంది. క్రిముల విషయంలో అది నిజం. ఫ్లోరైడ్ మాత్రం ఆవిరి కాదు. నీళ్లు మరిగి తగ్గేకొద్దీ చిక్కబడుతుంది.

పదికిలోల పిల్లవాడి పళ్లెం వేసుకుందాం. 80 గ్రాముల బియ్యానికి 200 మిల్లీలీటర్ల నీళ్లు. పప్పు, చారు కలిపి ఇంకో 150. ఆ నీళ్లు లీటరుకు 3 మిల్లీగ్రాములవైతే, చుక్క నీళ్లు తాగకముందే వాడి ఒంట్లోకి మిల్లీగ్రాము పైన పోయింది. అంటే రోజు మొత్తానికి దాటకూడదన్న గీత అన్నం దగ్గరే దాటింది. క్యాను నీళ్లు ఎంత శుద్ధమైనా ఈ వాటాను వెనక్కి తీయలేవు. గంజి వార్చే రోజుల్లో కొంత ఫ్లోరైడ్ గంజితో పోయేది (ఆ గంజి పిల్లవాడికే పోస్తే పోనట్టే). కుక్కరు వచ్చాక ఎసరు మొత్తం అన్నంలోనే ఇంకుతోంది. గంజితో పోయే విటమిన్లు నిలిచాయని సంతోషించాల్సిన మార్పే ఇది. నీళ్లు మంచివైతే.

ఇంటి బయట ఇదే ప్రశ్న అంగన్‌వాడీకీ బడి వంటగదికీ వేయాలి. పిల్లలు తాగే చోట ఫిల్టరు ఉందా అని తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు. మధ్యాహ్న భోజనం ఏ నీళ్లతో వండారన్నది అడిగేవాళ్లు తక్కువ.

చిన్న చిన్న వాటాలు ఇంకొన్ని ఉన్నాయి. టీ చెట్టు నేలలోని ఫ్లోరైడ్‌ను లాగి ఆకుల్లో దాచుకుంటుంది. పొద్దున్నే పిల్లవాడికి గ్లాసుడు టీలో బన్ను ముంచి పెట్టడం చాలా కూలీ ఇళ్లలో ఫలహారం కింద లెక్క. దాంతో ఫ్లోరైడ్ చేరుతుంది, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండానూ పోతుంది. చాట్ మసాలాల్లోని నల్ల ఉప్పులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పేస్టులో గ్రాముకు దాదాపు 1 మిల్లీగ్రాము. టీవీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడవునా పరిచి, ఉమ్మడం రాని, మూడేళ్లు నిండని పిల్లవాడి చేతికిస్తే తీపిగా ఉందని మింగేస్తాడు. ఆ వయసుకు బియ్యపు గింజంత పేస్టు చాలు.

ఈ వాటాలు తగ్గిస్తే ఫలితం ఉంటుందా? ఫ్లోరోసిస్ మీద దశాబ్దాలుగా పనిచేసిన డాక్టర్ ఎ.కె. సుశీల బృందం ఢిల్లీలో గర్భిణులకు ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు, పదార్థాలు మాన్పించి, కాల్షియం, ఇనుము, విటమిన్లున్న తిండి పెంచేలా సలహా ఇచ్చి చూసింది. ఆ స్త్రీల రక్తంలో హిమోగ్లోబిన్ పెరిగింది, పుట్టిన బిడ్డల బరువూ మెరుగుపడింది. 2010లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. రక్తహీనతకు మాత్రలిస్తూ పోవడమే తెలిసిన మన ఆరోగ్య వ్యవస్థ దీన్ని ఎంత పట్టించుకుందంటే, పెద్దగా పట్టించుకోలేదనే చెప్పాలి.

నీళ్లతో పనే లేకుండా, కేవలం అలవాటు వల్ల ఫ్లోరోసిస్ వచ్చిన చోటు ఒకటి ప్రపంచంలో ఉంది. చైనాలోని గుయిజౌ రాష్ట్రంలో పొగగొట్టం లేని పొయ్యిల్లో బంకమట్టి కలిపిన బొగ్గు మండించి, ఆ పొగ మీదే మొక్కజొన్న కంకులు, మిరపకాయలు ఆరబెట్టుకునేవారు. నీళ్లు శుభ్రమైనవే. బొగ్గులోనూ మట్టిలోనూ ఉన్న ఫ్లోరైడ్ పొగ ద్వారా గింజలకు పట్టి, గింజల ద్వారా పిల్లల పళ్లకు చేరింది. అక్కడ విరుగుడు బావి తవ్వడం కాదు, పొయ్యి మార్చడం.

ఒకే నీళ్లు, వేరువేరు కాళ్లు

ఎముకల ఫ్లోరోసిస్ అంటే ముప్ఫై నలభై ఏళ్లు ఆ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో వెన్ను బిగుసుకుపోయి, ఎముక రాయిలా గట్టిపడే జబ్బని వైద్యులు అనుకునేవారు. 1970ల మొదట్లో నల్లగొండ పల్లెల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలకు కనిపించింది వేరు. పదేళ్లు దాటి ఎదిగే వయసులో ఉన్న పిల్లలు. నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి, పాదాలు దూరంగా జరిగిపోయాయి. ఎక్స్‌రేలో ఎముక గట్టిపడలేదు, పలచబడింది. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి రాశారు.

ఎన్నో తరాలుగా ఉన్న నీళ్లు ఇప్పుడెందుకు కొత్త రూపం చూపించాయి? అనుమానం నాగార్జునసాగర్ వైపు వెళ్లింది. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీళ్లు వదిలిన ప్రాజెక్టు. ఊట పెరిగి భూగర్భ జలమట్టం పైకి వచ్చింది, నేల క్షారగుణం పెరిగింది, అలాంటి నేలలో పండిన జొన్న మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా తీసుకుంది, అది ఒంట్లోని రాగిని మూత్రంలో పోగొట్టింది, రాగి తగ్గిన ఎముక గుల్లబారింది. శాస్త్రవేత్తలు కట్టిన వాదన స్థూలంగా ఇది. ఆ గొలుసులో ప్రతి లంకె అంత బలంగా ఉందా అన్నది వాదించదగిందే. దానితోపాటు అదే సంస్థ 1977లో తేల్చిన మరో విషయం మాత్రం సూటిగా ఉంది: ఒకే మోతాదు ఫ్లోరైడ్ ఇచ్చినా, అన్నం తిన్నవాళ్ల కంటే జొన్న తిన్నవాళ్ల ఒంట్లో ఎక్కువ నిలిచింది.

జొన్నను ఇందులో ముద్దాయి చేయనక్కర్లేదు. పాలు, పెరుగు, నెయ్యి ఉన్న ఇంట్లో జొన్నరొట్టె వేరు. మిరపకారం నంచుకుని జొన్న గటకతో రెండు పూటలూ గడిపే ఇల్లు వేరు. వంగిన కాళ్లు ఎక్కువగా కనిపించింది రెండో రకం ఇళ్లలో. కాల్షియం తక్కువైన పిల్లల్లో అదే మోతాదు ఫ్లోరైడ్ చేసే హాని చాలా పెద్దదని ఉత్తర భారతంలో తేవతియా దంపతులు దీర్ఘకాలం వేలమంది పిల్లలను పరీక్షించి చూపించారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. పేగులో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కరగని పదార్థంగా మార్చి బయటికి పంపుతుంది. రాయి దగ్గర భూగర్భంలో జరిగిన రసాయన చర్యే, పిల్లవాడి కడుపులోనూ.

100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో 10 కూడా ఉండదు. నువ్వులు, మునగాకు, పెరుగు ఈ లెక్కలో మనకు అందుబాటులో ఉన్నవే. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చి 21 నుంచి మధ్యాహ్న భోజన పథకంలో వారానికి మూడు రోజులు రాగిజావ చేర్చారు. రక్తహీనతను దృష్టిలో పెట్టుకుని తెచ్చినా, కనిగిరి వంటి చోట్ల అది పిల్లవాడి ఎముకకు కూడా కాపలా. ఆ జావ కాచే నీళ్లు బోరువైతే మాత్రం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్టే.

ప్లాంటు నీళ్లలో ఉన్న మెలిక కూడా ఇక్కడే. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది. ఫ్లోరైడ్ పోవడం మేలే, అందులో సందేహం లేదు. అయితే అదే పిల్లవాడు తిండిలో కాల్షియం లేకుండా, వంటలో బోరు నీళ్లతో పెరుగుతుంటే, డబ్బు పెట్టి కొన్న రక్షణలో చాలా భాగం అన్నం పళ్లెం దగ్గర కరిగిపోతుంది.

చింతపండు ముచ్చట కూడా చెప్పుకోవాలి. పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టి చూశారు. మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగింది. 2002లో అచ్చయిన ఈ పరిశోధన ఆ తర్వాత రకరకాల వాట్సాప్ వైద్యాలకు మూలమైంది. పిల్లలు పదీ ఇరవై మంది, రోజులు పద్దెనిమిది. పులుసు తాగితే ఫ్లోరోసిస్ పోతుందని దీనివల్ల తేలదు. మంచి నీళ్లు అందాక, దానికి తోడుగా మన వంటలో ఎలాగూ ఉన్న చింతపండు కొంత సాయం చేయొచ్చన్నంత వరకే.

మెదడు మీద ప్రభావం గురించి ఇటీవల చర్చ పెరిగింది. అమెరికా జాతీయ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లకూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం కనిపిస్తోందని, ఆ మాట మధ్యస్థ నమ్మకంతో చెబుతున్నామని అంది. వాళ్ల నల్లాల్లో కలిపే 0.7 మిల్లీగ్రాముల గురించి తేల్చడానికి ఆధారాలు చాలవని కూడా చెప్పింది. అమెరికాలో 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణంతో మొదలుపెట్టి, పళ్లు పుచ్చిపోకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతూ వస్తున్నారు. అక్కడి గొడవ అది ఆపాలా వద్దా అని. మన గొడవ దాని రెట్టింపూ మూడింతలూ ఉన్న నీళ్లతో. అక్కడి వాదనలను ఇక్కడికి ఎత్తుకొచ్చి పేస్టే మానేయాలని బెదరగొట్టేవాళ్లను, ఫ్లోరైడ్ పళ్లకు మంచిదేగా అని కొట్టిపారేసేవాళ్లను ఒకే గాటన కట్టొచ్చు. ఇద్దరూ మోతాదు చూడరు.

పరీక్షించడానికి పెద్ద సరంజామా అవసరం లేదు. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమనాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనాలి. చేతులు పక్కలకు చాచి, మోచేతుల దగ్గర వంచి తల వెనక తాకమనాలి. ఏది చేయలేకపోయినా, చేసేటప్పుడు నొప్పి వచ్చినా మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షకు పంపాలి. జాతీయ కార్యక్రమం ఆశా కార్యకర్తల స్థాయికి ఇచ్చిన పద్ధతులివి. తొలి దశలో కడుపులో నొప్పి, కీళ్ల సలపరం వంటివి మంచి నీళ్లు, మంచి తిండితో తగ్గుతాయి. వంగిన ఎముక మాత్రం దానంతట అది నిటారు కాదు, శస్త్రచికిత్సే దిక్కు.

నల్లగొండ పేరు మీదే ఒక శుద్ధి పద్ధతి ప్రపంచమంతా తెలుసు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో రూపొందించింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చడం. చవకైనది, బకెట్లోనే చేసుకోవచ్చు. టాంజానియా దాకా వెళ్లింది. సొంత ఊళ్లో మాత్రం నిలవలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలిస్తేనే ఎంత పటిక వేయాలో తెలుస్తుంది, రోజూ కలపాలి, ఆగాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. కూలికి పోయే తల్లి పొద్దున్నే చేయగలిగిన పని కాదది. ఇంట్లో ఒకరి శ్రమ మీద ఆధారపడ్డ ఏ ఉపాయానికైనా ఇదే గతి పడుతుంది. అందుకే పైపుల్లో వచ్చే నది నీళ్లకు సాటి మరొకటి లేదు. వాటిని వంటకు కూడా చాలినన్ని, నమ్మకంగా, ఒకే వేళకు ఇవ్వడం ఇంజినీరింగ్ శాఖ పని. ఆ నీళ్లతోనే వండమని, టీ మాన్పించి జావ పట్టమని చెప్పడం అంగన్‌వాడీ పని. మొదటిది జరగకుండా రెండోది చెప్తే తల్లులను నిందించినట్టవుతుంది.

భగీరథ నీళ్లు ఊళ్లకు చేరాక పుట్టిన పిల్లలు ఇప్పుడు రెండో, మూడో తరగతుల్లో ఉన్నారు. వాళ్ల ముందుపళ్లు వచ్చేశాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏటా బడికి ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షించాలి. పళ్లు ఎలాగూ చూస్తారు. మచ్చలున్నవాళ్లు ఎందరో, వాళ్ల ఇళ్లలో వంటకు వాడిన నీళ్లేవో ఆ ఫారంలోనే రెండు గళ్లలో రాసి ఊరివారీగా బయటపెడితే, నీళ్ల శాఖ దగ్గరున్న ఫ్లోరైడ్ రహిత ఊళ్ల జాబితాకూ ఆరోగ్య శాఖ దగ్గరున్న జాబితాకూ తేడా ఎంతో ఒక్క విద్యా సంవత్సరంలో తెలుస్తుంది.